పాటల పెట్టె: షెఫీల్డ్ కుర్రాళ్ల తొలి ఆల్బమ్ మీద మీ ఉత్తరాలు

గత సంచికలో ఒక పాఠకుడికి జవాబిస్తూ, ఇంగ్లండ్ బృందాల తొలి ఆల్బమ్‌లలో నేను ఎక్కువసార్లు విన్నది షెఫీల్డ్ రాక్ బృందం ఆర్కిటిక్ మంకీస్ వాళ్లదేనని, అది విడుదలైన రోజున నేను షెఫీల్డ్‌లోనే ఉన్నానని రెండు వాక్యాలు రాశాను. ఆ రెండు వాక్యాలకు ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. అందుకే ఈ నెల శీర్షికంతా దానికే ఇస్తున్నాను.

ప్రశ్న: మేడమ్ గారూ, మా అబ్బాయి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. వాడి గదిలోంచి రోజూ ఆ పాటలే వినిపిస్తాయి. "ఇంటర్నెట్ వల్ల పైకొచ్చిన మొదటి బ్యాండ్ నాన్నా, మైస్పేస్ అనే సోషల్ సైట్‌లో పాటలు పెట్టి స్టార్లయిపోయారు" అంటాడు. అది నిజమేనా? అసలు ఆ రోజుల్లో అక్కడ మీరేం చూశారు?
– ఒక తండ్రి, కాకినాడ

జవాబు: మీ అబ్బాయి మాటలో సగం నిజం ఉందండీ. మిగతా సగం చెప్పాలంటే నేను గిన్నెలు కడిగిన వంటింటి నుంచి మొదలుపెట్టాలి.

2005 సెప్టెంబరులో గ్రంథాలయ శాస్త్రం చదవడానికి షెఫీల్డ్ వెళ్లాను. సాయంత్రాలు వెస్ట్ స్ట్రీట్ దగ్గర ఒక రెస్టారెంటులో గిన్నెలు కడిగేదాన్ని. పక్కన తుడిచి సర్దడానికి ఒక స్థానిక కుర్రాడు ఉండేవాడు, పందొమ్మిదేళ్లు ఉంటాయేమో. అక్టోబరులో ఒక రాత్రి ఇంటికి వెళ్లబోతూ నా చేతిలో ఒక సీడీ పెట్టాడు. దానికి అట్ట లేదు, బొమ్మ లేదు. మీద నల్ల మార్కరుతో బ్యాండు పేరు, అంతే. "తిరిగి ఇవ్వక్కర్లేదు, నచ్చితే కాపీ చేసి ఇంకొకరికి ఇవ్వు" అన్నాడు.

అసలు సంగతి ఆ సీడీలోనే ఉంది. ఆ నలుగురూ, అంటే పాటలు రాసి పాడే అలెక్స్ టర్నర్, జేమీ కుక్, ఆండీ నికల్సన్, మ్యాట్ హెల్డర్స్, షెఫీల్డ్ ఉత్తరపు అంచున ఉన్న హై గ్రీన్ చుట్టుపక్కల పెరిగినవాళ్లు. 2003 జూన్‌లో ద గ్రేప్స్ అనే పబ్బులో మొదటిసారి వాయించారు. తర్వాత డెమో పాటలను ఖాళీ సీడీల మీదకు ఎక్కించి, కచేరీకి వచ్చినవాళ్లకు ఉచితంగా పంచారు. తీసుకున్నవాళ్లు ఇళ్లకు వెళ్లి కంప్యూటర్లలో వేసుకుని ఇంటర్నెట్ ద్వారా ఒకరికొకరు పంపుకున్నారు. మైస్పేస్‌లో వాళ్ల పేరుతో ఉన్న పేజీ తెరిచింది కూడా అభిమానులే. దాని సంగతి తమకు తెలియదని బ్యాండువాళ్లే తర్వాత చెప్పారు. చేతికి ఇచ్చిన సీడీ ముందు, ఇంటర్నెట్ తర్వాత. ఈ వరుస నాకు ముఖ్యం. ఎందుకంటే ఇంటర్నెట్ కథ పత్రికలకు బాగా నచ్చి, పాటలను వెనక్కి నెట్టేసింది.

2005 వేసవిలో డొమినో అనే స్వతంత్ర సంస్థతో వాళ్లు ఒప్పందం చేసుకున్నారు. ఇలాంటి సంగీతాన్ని 'ఇండీ' (ఇండిపెండెంట్) అనడానికి మూలం అదే: పెద్ద కంపెనీల గొడుగు కింద లేని చిన్న సంస్థల సంగీతం. ఆ అక్టోబరులో మొదటి సింగిల్ నేరుగా బ్రిటన్ చార్టులో మొదటి స్థానానికి వెళ్లింది. జనవరిలో రెండోదీ అంతే. జిమ్ అబిస్ నిర్మాణంలో లింకన్‌షైర్‌లోని చాపెల్ స్టూడియోలో ఆల్బమ్ రికార్డు చేశారు. 2006 జనవరి 23, సోమవారం, అది దుకాణాలకు వచ్చింది. పేరు చాంతాడంత పొడుగు: 'వాటెవర్ పీపుల్ సే ఐ యామ్, దట్స్ వాట్ ఐ యామ్ నాట్'. జనం నన్ను ఏమంటారో అది మాత్రం నేను కాదు, అని అర్థం. అలన్ సిలిటో 1958లో రాసిన నవలలో నాటింగ్‌హామ్ సైకిల్ ఫ్యాక్టరీ కార్మికుడు ఆర్థర్ సీటన్ మాట అది.

ఆ సోమవారం తరగతి అయ్యాక ఊరి మధ్యలో ఉన్న దుకాణానికి వెళ్లాను. నా ముందు బడి యూనిఫాంలో ఇద్దరు ఆడపిల్లలు, వాళ్ల ముందు పని బట్టల మీద సున్నం మరకలున్న ఒక పెద్దాయన. ముగ్గురి చేతుల్లోనూ అదే సీడీ. నా దగ్గర పాటలు ముందే ఉన్నాయి, అయినా కొన్నాను. వాళ్ల దగ్గరా ఉండే ఉంటాయి. ఉచితంగా దొరికితే ఎవరూ కొనరని సంగీత కంపెనీలు గగ్గోలు పెడుతున్న కాలం అది. మొదటి వారంలో ఒక్క బ్రిటన్‌లోనే 3,63,735 ప్రతులు అమ్ముడయ్యాయి.

ఆ అంకె కన్నా నాకు ఎక్కువగా గుర్తున్నది ఒక టాక్సీ పాట. రాత్రి పని ముగిసేసరికి వెస్ట్ స్ట్రీట్ మీద క్లబ్బుల నుంచి జనం బయటికి వచ్చేవారు. చలిలో చెప్పులు చేతిలో పట్టుకుని నడిచే అమ్మాయిలు, టాక్సీ కోసం తోపులాట, ఒకే బండిలో ఆరుగురు ఎక్కుతామని డ్రైవరుతో బేరం. అదంతా దాటుకుని క్రూక్స్ వైపు ఎత్తు ఎక్కుతూ మా గదికి నడిచేదాన్ని. ఆల్బమ్‌లో సరిగ్గా అదే ఉంది. 'రెడ్ లైట్ ఇండికేట్స్ డోర్స్ ఆర్ సెక్యూర్డ్' అన్న ఆ పాట పేరు ఇంగ్లండ్ టాక్సీల తలుపు దగ్గర కనిపించే హెచ్చరిక: ఎర్ర లైటు వెలిగితే తలుపులకు గడియ పడిందని. మన ఆటోల వెనక రాతల్లాగే అందరూ రోజూ చూసి, ఎవరూ చదవని రాత. దాన్ని చదివి, అందులో పాట ఉందని పోల్చుకున్న టర్నర్‌కు ఆల్బమ్ వచ్చేనాటికి ఇరవై ఏళ్లు. పాటలో పెద్ద సంఘటనేమీ లేదు. కుర్రాళ్లు టాక్సీ ఎక్కుతారు, చిన్న గొడవ అవుతుంది, రాత్రి అయిపోతుంది. కానీ ఆ రోడ్డు మీద నేను నిలబడి చూశాను కాబట్టి చెబుతున్నాను, ఒక్క మాట కల్పన కాదు.

మీ అబ్బాయితో కలిసి ఆ ఒక్క పాట వినండి. మాటలు అర్థం కాకపోతే వాడినే అడగండి. ఎంతో సంతోషంగా చెబుతాడు.

ప్రశ్న: అక్కా, సెప్టెంబరులో ఎమ్మెస్సీ కోసం షెఫీల్డ్ వెళ్తున్నాను. అలవాటు పడదామని ఈ ఆల్బమ్ వింటుంటే సగం మాటలు తెలియడం లేదు. ఐఈఎల్‌టీఎస్‌లో మంచి స్కోరే వచ్చింది! 'మార్డీ బమ్' అంటే ఏమిటి?
– ఒక విద్యార్థి, కరీంనగర్

జవాబు: తమ్ముడూ, కంగారు పడకు. నీ ఇంగ్లిషులో లోపం లేదు. లండన్ నుంచి వచ్చినవాళ్లకూ కొన్ని మాటలు తెలియవు.

'మార్డీ' అనేది షెఫీల్డ్ చుట్టుపక్కల, ఇంగ్లండ్ నడిమి జిల్లాల్లో వాడే మాట. ఊరికే అలిగే మనిషిని, ముఖం మాడ్చుకుని కూర్చునే మనిషిని అలా అంటారు. వంటింట్లో మా కుర్రాడిని అర్థం అడిగితే చెప్పలేకపోయాడు, కింది పెదవి ముందుకు పెట్టి చూపించాడు. చూడగానే 'ఓహో, బుంగమూతి!' అనుకున్నాను. ఇంతకన్నా చక్కని అనువాదం నాకు ఇప్పటికీ దొరకలేదు. పాటంతా అలిగిన అమ్మాయి ముందు అబ్బాయి సంజాయిషీ: రైలు తప్పిపోయింది, రోడ్డు మీద ట్రాఫిక్ అధ్వానంగా ఉంది, మనం వంటింట్లో నవ్వుకున్న రోజులు మరిచిపోయావా, అని. సత్యభామ అలకను తరతరాలుగా పాడుకుంటున్న మనకు ఈ పాట అర్థం కావడానికి నిఘంటువు అక్కర్లేదు.

ఇంకొన్ని మాటలు రాసి పెట్టుకో. 'సమ్‌మట్' అంటే ఏదో ఒకటి. 'నౌట్' అంటే ఏమీ లేదు. 'అవుట్' అన్నట్టు వినిపించే ఇంకో మాటకు ఏదైనా అని అర్థం. బస్సు డ్రైవరు నిన్ను 'లవ్' అని పిలుస్తాడు, మగవాడివైనా సరే. అది అక్కడి మర్యాద. మనవాళ్లు 'నాయనా' అన్నట్టు.

ఈ యాస గురించి కొంచెం ఎక్కువ చెప్పాలని ఉంది. ఇంగ్లండ్‌లో చాలామంది గాయకులు మాట్లాడేటప్పుడు ఒకలా మాట్లాడతారు, పాట అందుకోగానే అమెరికా వాళ్లలా పలుకుతారు. టర్నర్ మాత్రం బస్ స్టాప్‌లో ఎలా మాట్లాడతాడో అలాగే పాడాడు. దీని మీద ఆ ఆల్బమ్‌లోనే ఒక పాట ఉంది, 'ఫేక్ టేల్స్ ఆఫ్ శాన్ ఫ్రాన్సిస్కో'. ఒక చిన్న క్లబ్బు, వేదిక మీద ఒక బ్యాండు, వాళ్లు ఎప్పుడూ చూడని అమెరికా గురించి పాడుతుంటారు. వెనక నిలబడ్డవాళ్ల ముఖాల్లో విసుగు. 'నువ్వు న్యూయార్క్ వాడివి కాదు, రాథర్‌హామ్ వాడివి' అనే అర్థం వచ్చే మాటతో పాట వాళ్లను నిలదీస్తుంది. రాథర్‌హామ్ షెఫీల్డ్‌ను ఆనుకునే ఉన్న ఊరు. నువ్వు దిగాక ఒక ఆదివారం వెళ్లి రావచ్చు.

ఆ సంవత్సరమంతా తరగతిలో నేను నోరు విప్పడానికి భయపడుతూ, నా ఇంగ్లిషును టీవీ వార్తలు చదివేవాళ్ల ఇంగ్లిషులా మార్చుకోవాలని తంటాలు పడుతున్నాను. అలాంటప్పుడు ఈ పాట విన్నాను. ఉత్తరాంధ్ర పాటను దాని యాస తీసేసి పాడితే ఏం మిగులుతుందో మనకు తెలుసు. అదే సంగతి మరో భాషలో, అంత గట్టిగా, నాకన్నా చిన్నవాడు చెబుతుంటే తల ఎత్తుకున్నట్టు అనిపించింది. మర్నాడు సెమినార్‌లో నా పద్ధతిలోనే మాట్లాడాను. అందరికీ అర్థమైంది.

టర్నర్ మాటల పొందిక ఎక్కడిదని నువ్వు అడగలేదు కానీ చెబుతాను. షెఫీల్డ్‌లో బోర్డ్‌వాక్ అనే కచేరీ హాలుండేది. అతను అక్కడ బార్‌లో పని చేసేవాడు. శాల్ఫర్డ్ కవి జాన్ కూపర్ క్లార్క్ ఒకసారి అక్కడికి కవితలు చదవడానికి వచ్చాడు. వీధి మాటలను తూటాల్లా పేల్చే కవి ఆయన. అది విన్నాక తన రాత మారిందని టర్నర్ చెప్పుకున్నాడు.

ప్రశ్న: క్విజ్ పోటీలో 'బ్రిటన్‌లో అతివేగంగా అమ్ముడైన తొలి ఆల్బమ్' అని అడిగితే మా జట్టు ఆర్కిటిక్ మంకీస్ అని రాసింది. తప్పన్నారు. న్యాయం చెప్పండి.
– ఇంటర్ విద్యార్థినులు, అనంతపురం

జవాబు: మీ జవాబు 2006లో అయితే ఒప్పే. వాళ్లు దాటింది హియర్‌సే అనే టీవీ బృందం 2001లో నెలకొల్పిన 3,06,631 ప్రతుల రికార్డును. 2007 నవంబరులో గాయని లియోనా లూయిస్ 3,75,872 ప్రతులతో దాన్ని మించింది. కాబట్టి 'బ్యాండు తొలి ఆల్బమ్' అని అడిగి ఉంటే మార్కు మీదే. ప్రశ్న అడిగినవారు ఆ ఒక్క మాట చేర్చి ఉండాల్సింది.

ప్రశ్న: ఆ అట్ట మీద సిగరెట్ తాగుతున్న కుర్రాడి బొమ్మ చూసి మా పాప గదిలోంచి తీసేయించాను. అలాంటి బొమ్మ వేయడం అవసరమా?
– ఒక ఉపాధ్యాయురాలు, గుంటూరు

జవాబు: మీ బాధ నాకు తెలుసు టీచర్ గారూ. మీరొక్కరే కాదు, స్కాట్లాండ్ ప్రజారోగ్య సేవల అధికారి ఒకరు అప్పుడే అభ్యంతరం చెప్పారు, పొగ తాగడం మామూలే అన్న భావన కలుగుతుందని. ఆ ఏడాది మార్చిలోనే స్కాట్లాండ్‌లో పబ్బుల్లో పొగ నిషేధం మొదలైంది. ఇంగ్లండ్‌లో 2007 జూలైలో వచ్చింది. అంటే ఆ బొమ్మ ఒక కాలం ముగిసే ముందు తీసినది.

కానీ ఒకసారి ఆ ముఖం పరీక్షగా చూడండి. బ్యాండు స్నేహితుడైన ఆ కుర్రాడిని రాత్రంతా తాగి తిరిగాక, తెల్లవారుజామున తీశారు. కళ్లు సగం మూసుకుపోయాయి. ముఖంలో గొప్ప లేదు, సంతోషం లేదు. పెట్టె తెరిస్తే లోపల సీడీ మీద పీకలతో నిండిన యాష్‌ట్రే. అది చూసి నాకు వాసన వచ్చినంత పనైంది. పొగ అతనికి మేలు చేస్తున్నట్టు బొమ్మలో ఏమన్నా కనిపిస్తోందా అని కంపెనీవాళ్లు ఇచ్చిన జవాబు నాకు సబబుగానే తోచింది. అయినా తల్లిగా మీ నిర్ణయం మీది. అట్ట తీసేసి పాటలు మాత్రం ఉంచండి.

ప్రశ్న: రెండుసార్లు విన్నాను. పాటలన్నీ ఒకే వేగం, ఒకే గోల. పత్రికలు పనిగట్టుకుని లేపిన ఆల్బమ్ అని నా అభిప్రాయం. మీరు కూడా ఆ ప్రవాహంలో కొట్టుకుపోయారా?
– ఒక వీణ విద్వాంసుడు, విజయవాడ

జవాబు: అయ్యా, మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. పత్రికల విషయంలో మీతో ఏకీభవిస్తాను. ఆల్బమ్ బయటికి వచ్చిన ఆ రోజుల్లోనే ఎన్ఎంఈ అనే బ్రిటన్ సంగీత పత్రిక బ్రిటన్ చరిత్రలోని వంద గొప్ప ఆల్బమ్‌ల జాబితా వేసి, దీన్ని అయిదో స్థానంలో కూర్చోబెట్టింది. ఇంకా వారం కూడా సరిగా వినని ఆల్బమ్‌ను! ఆ జాబితా ఆ కుర్రాళ్లకు మేలు చేయలేదు. 'ఏదీ, అంత గొప్పేముందో చూద్దాం' అని కత్తి పట్టుకుని వినేవాళ్లను తయారుచేసింది. అమెరికాలో చార్టులో 24వ స్థానంలో అడుగుపెట్టింది. అక్కడి కొందరు విమర్శకులు పాటలు బాగున్నాయి, హడావుడి ఎక్కువైంది అన్న ధోరణిలో రాశారు. అది అన్యాయమైన మాట కాదు. అదే ఏడాది సెప్టెంబరులో, ఏటి ఉత్తమ ఆల్బమ్‌కు ఇచ్చే మెర్క్యురీ బహుమతి వచ్చింది. అంతకు ముందే, ఆ హడావుడి మధ్యలో నికల్సన్ అలసిపోయి బ్యాండు వదిలాడు, అతని స్థానంలో నిక్ ఓమ్యాలీ వచ్చాడు. అప్పటికి మొదటి ఆల్బమ్ బయటికి వచ్చి ఆరు నెలలైనా కాలేదు.

నా ఫిర్యాదు కూడా ఒకటి ఉంది. ఈ పాటల్లో అమ్మాయిలు ఎప్పుడూ అబ్బాయి కళ్లలోంచే కనిపిస్తారు. వాళ్లు ఏం అనుకుంటున్నారో మనకు తెలియదు. ఆ రోడ్డు మీద చెప్పులు చేతిలో పట్టుకుని నడిచిన అమ్మాయి వైపు నుంచి ఒక్క పాటైనా ఉంటే బాగుండేదని ఆ రోజే అనుకున్నాను, ఇప్పటికీ అనుకుంటాను.

ఒకే గోల అన్న మాట మాత్రం ఒప్పుకోను. మీరు లయ తెలిసినవారు కాబట్టి చివరి పాట 'ఎ సర్టెన్ రొమాన్స్' మాత్రం మళ్లీ వినమని వేడుకుంటున్నాను. హెల్డర్స్ డ్రమ్ములతో మొదలవుతుంది, తుపానులా. ఆ హోరు తగ్గి గిటారు తేలిక నడకలోకి దిగాక గానీ గొంతు వినిపించదు. మొదట టర్నర్ తన ఊరి కుర్రాళ్ల మీద కోపంతో ఉంటాడు. ట్రాక్ సూట్లు వేసుకుని కొట్లాటకు దిగేవాళ్లు. కొత్త రింగ్‌టోన్ల కోసమే సంగీతం ఉందనుకునేవాళ్లు. ఇక్కడ ప్రేమ లేదు, అందం లేదు, అంటాడు. మరో రచయిత అయితే అక్కడే ఆపేవాడు. ఇతను ఆపలేదు. పాట సగం దాటాక వాళ్ల వైపు ఇంకోసారి చూస్తాడు, ఆ గుంపులో తన స్నేహితులు కనిపిస్తారు. వాళ్లూ హద్దు దాటేవాళ్లే, కానీ వాళ్ల మీద అదే కోపం రావడం లేదని ఒప్పుకుంటాడు. ఆ ఒప్పుకోలు తర్వాత ఇక మాటలు లేవు. చివరి దాకా గిటారే.

నేను మొదటిసారి ఆ పాటను పూర్తిగా అర్థం చేసుకున్నది గదిలో, హీటరుకు వీపు ఆనించుకుని, పాటలు ముద్రించిన కాగితం ఒళ్లో పెట్టుకుని. మా ఊళ్లో నేను అసహ్యించుకుని వచ్చేసిన ఒక వీధి, ఆ వీధి అరుగు మీద కూర్చునే మా పెదనాన్న కొడుకులు గుర్తొచ్చారు. ఆ రాత్రే వాళ్లకు ఫోను చేశాను. ఏడాదిన్నర తర్వాత.

మూడోసారి విని మళ్లీ రాయండి. నచ్చకపోయినా రాయండి.

ప్రశ్న: ఈ ఆల్బమ్ నాకూ ప్రాణమే. దీని తర్వాత ఏం వినాలి?
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: అందరూ వాళ్ల రెండో ఆల్బమ్ చెబుతారు, మీరెలాగూ వింటారు. నేను ఇంకో షెఫీల్డ్ మనిషిని చెబుతాను: రిచర్డ్ హాలీ. 2005లో వచ్చిన ఆయన ఆల్బమ్ 'కోల్స్ కార్నర్' కూడా ఆ ఏడాది మెర్క్యురీ పోటీలో ఉంది. బహుమతి అందుకుంటూ టర్నర్ అన్న మొదటి మాట, '999కు ఫోను చేయండి, రిచర్డ్ హాలీని దోచుకున్నారు' అని. 999 అంటే అక్కడ పోలీసుల అత్యవసర నంబరు. ఊరి పెద్దవాడికి రావాల్సింది తమకు వచ్చిందని, దేశమంతా చూస్తుండగా ఒక ఇరవై ఏళ్ల కుర్రాడు చెప్పడం నాకెంతో నచ్చింది.

హాలీ పాటలు నెమ్మదైనవి, గొంతు లోతైనది. కోల్స్ కార్నర్ అనేది షెఫీల్డ్ నడిబొడ్డున ఒక వీధి మలుపు. ఒకప్పుడు అక్కడ కోల్ బ్రదర్స్ అనే పెద్ద దుకాణం ఉండేది, ప్రేమికులు దాని ముందు కలుసుకునేవారు. దుకాణం 1963లో వేరే చోటికి మారింది. జనం మాత్రం ఆ మూలను ఇప్పటికీ అదే పేరుతో పిలుస్తారు. మొదటి పాటలో ఒక ఒంటరి మనిషి, ఎవరూ ఎదురుచూడకపోయినా, అక్కడికి బయలుదేరతాడు.

కరీంనగర్ తమ్ముడికి కూడా ఇది పనికొస్తుంది. ట్రామ్ ఎక్కి కథీడ్రల్ స్టాప్‌లో దిగు. చర్చ్ స్ట్రీట్, ఫార్‌గేట్ కలిసే మూల అదే, నాలుగు అడుగులు. చలికోటు మరిచిపోకు.